వెలివేసినవారిని ప్రేమించమంటే

చాకలి బట్టలు ఉతకనన్నాడు. కుమ్మరి కుండలు అమ్మనన్నాడు. ఊరుమ్మడి బీట్లో మేస్తున్న గొడ్లను తోలేశారు. చెప్పులు కుట్టే పని ఇవ్వడం మానేశారు. కోతల కాలంలో కళ్లం దగ్గర ఏడాదికోసారి కొలిచిపెట్టే గింజలు కూడా ఆపేశారు. 1867 తర్వాత ఒంగోలు, కనిగిరి ప్రాంతపు పల్లెల్లో కొత్తగా క్రైస్తవంలో చేరిన మాదిగ కుటుంబాలకు ఊరు వేసిన శిక్ష ఇది. వాళ్లు చేసిన నేరాలు మూడు: ఆదివారం పనికి రాకపోవడం, జాతరలో డప్పు కొట్టకపోవడం, చచ్చిన గొడ్డు మాంసం తినడం మానుకోవడం. ఈ మూడూ ఊరి కట్టుబాటుకు తగిలే విషయాలే. డప్పు మోగకపోతే జాతర నడవదు. మాదిగలు పొలానికి రాకపోతే ఆదివారం నాడు వ్యవసాయమూ నడవదు.

ఆ మనుషులకే క్రైస్తవం, శత్రువును ప్రేమించమని చెప్పింది. తిండి గింజ ఆపినవాడి కోసం ప్రార్థన చేయమంది. క్రైస్తవ విశ్వాసం సాటి మనిషిని ద్వేషించడానికి ఎప్పుడైనా ఒప్పుకుంటుందా అన్న ప్రశ్న వేదాంత పాఠశాలల్లో రెండువేల ఏళ్లుగా నలుగుతూనే ఉంది. పశ్చిమ ప్రకాశంలో మాత్రం అది మాలమాదిగ పేటల్లో, ఆకలి కడుపుల ముందు నిలబడిన ప్రశ్న. మార్కాపురం, పెద్దారవీడు, కంభం, గిద్దలూరు పల్లెల్లో క్రైస్తవం పాకిన చరిత్ర చదివితే ఆ ప్రశ్నకు పుస్తకాల్లో దొరకని కొన్ని కోణాలు కనిపిస్తాయి.

ముందు గ్రంథం సంగతి. బైబిల్లో ద్వేషం లేదని ఎవరైనా అంటే అది నిజం కాదు. 139వ కీర్తనలో కీర్తనకారుడు దేవుణ్ణి ద్వేషించేవారిని తానూ పూర్తిగా ద్వేషిస్తానంటాడు. 109వ కీర్తన పొడుగునా శత్రువు మీద శాపాలే. 137వ కీర్తన బబులోనుకు బందీలుగా పోయినవారి ఏడుపుతో మొదలై, వినలేనంత ఘోరమైన కోరికతో ముగుస్తుంది. కొండమీది ప్రసంగంలో యేసు ఈ దారిని మళ్లించాడు: పొరుగువాణ్ణి ప్రేమించి శత్రువును ద్వేషించమన్న పాత లెక్కను పక్కన పెట్టి, హింసించేవారి కోసం ప్రార్థించమన్నాడు. యోహాను మొదటి పత్రిక ఇంకా కరాఖండిగా మాట్లాడింది. సహోదరుణ్ణి ద్వేషిస్తూ దేవుణ్ణి ప్రేమిస్తున్నానంటే అది అబద్ధమంది, ద్వేషించేవాణ్ణి నరహంతకుడి పక్కన నిలబెట్టింది.

అయితే అదే యేసు పరిసయ్యులను సర్పసంతానమన్నాడు, దేవాలయంలో వ్యాపారుల బల్లలు పడదోశాడు. పౌలు కోపపడవద్దనలేదు, కోపంలో పాపం చేయవద్దన్నాడు. కోపానికీ ద్వేషానికీ మధ్య ఉన్న ఈ గీత చాలా ముఖ్యం. ఆ గీతను చెరిపేసినవాళ్ల వల్లే తర్వాతి చరిత్రలో సగం నష్టం జరిగింది.

అయిదో శతాబ్దంలో అగస్టీను సన్యాసినులకు రాసిన ఒక లేఖలో, మనుషులను ప్రేమిస్తూ తప్పులను ద్వేషించాలన్న సూత్రం ఉంది. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ దానికి తర్కం కట్టాడు: ఎదుటివాడి పాపాన్ని ద్వేషించవచ్చు, వాడి మానవత్వాన్ని మాత్రం ద్వేషించరాదు. సూత్రం బాగుంది. కానీ 1096లో మొదటి క్రూసేడుకు బయలుదేరిన గుంపులు రైను నది ఒడ్డున యూదులను ఊచకోత కోసినప్పుడు అది ఎవరికీ గుర్తు రాలేదు. 1543లో మార్టిన్ లూథర్ యూదుల మీద రాసిన పుస్తకంలో వాళ్ల ప్రార్థనా మందిరాలు తగలబెట్టమన్నాడు. అమెరికాలోని పెద్ద లూథరన్ సంఘం ఆ రాతలను బహిరంగంగా తోసిపుచ్చింది 1994లో, అంటే నాలుగున్నర శతాబ్దాల తర్వాత. 1842లో గుంటూరుకు హేయర్ దొర తెచ్చిన లూథరన్ మిషను కూడా ఆ వంశంలోదే.

అదే పదహారో శతాబ్దంలో దీనికి పూర్తిగా ఎదురు నడిచినవాళ్లూ ఉన్నారు. 1569లో హాలండ్‌లో డిర్క్ విల్లెమ్స్ అనే అనబాప్టిస్టు జైలు నుంచి తప్పించుకుని, గడ్డకట్టిన చెరువు మీదుగా పరుగెత్తాడు. వెంటాడుతున్న మనిషి కాలికింద మంచు పగిలి నీళ్లలో పడిపోయాడు. డిర్క్ వెనక్కి తిరిగి వచ్చి అతణ్ణి బయటికి లాగాడు. ఆ వెంటనే పట్టుబడి, ఆస్పెరెన్‌లో సజీవ దహనమయ్యాడు. ఆ పరంపర నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రెదరన్ సంఘాలు పందొమ్మిదో శతాబ్దం చివర్లో నల్లగొండకు, తర్వాత పాలమూరుకు చేరాయి. శత్రువును ప్రేమించడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమనుకునేవారికి డిర్క్ జవాబు చెబుతాడు. అతను జైలు నుంచి పారిపోయాడు, అన్యాయపు శిక్షకు తల వంచలేదు. తనను పట్టుకోవడానికి వచ్చినవాణ్ణి మాత్రం చావనివ్వలేదు.

ఇక మన సీమకు వద్దాం. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో మొదలై నెల్లూరులో దశాబ్దాలపాటు ఎదుగూబొదుగూ లేకుండా ఉంది. జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడేనాటికి సభ్యులు ఎనిమిది మంది. అదే నెలలో కనిగిరి దగ్గర తలకొండపాడులో చింతతోపు కింద జరిగిన కూటాల తర్వాత 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లను కూడగట్టినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. చెప్పులు కుట్టే కులంలో పుట్టి, యోగ గురువుగా శిష్యులను సంపాదించుకున్న మనిషి.

ఇక్కడే తొలి పరీక్ష ఎదురైంది. ఒంగోలులో కొందరు బ్రాహ్మణులు క్లౌ బోధ వినడానికి ఇష్టపడుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమని చెప్పారు. ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో ఎవరి బైబిలు వాళ్లు తెరిచారు. ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం తగిలింది: దేవుడు గొప్పవారిని కాక నీచులుగా ఎంచబడినవారిని ఎన్నుకున్నాడని చెప్పే చోటు. మాదిగలు లోపలికి వచ్చారు. పెద్దకులాలవారు వెనక్కి తగ్గారు. ద్వేషించరాదన్న బోధకు ఈ గడ్డ మీద మొదట పడిన ఖరీదు అది, క్లౌ దాన్ని చెల్లించాడు.

1876–78 మహా కరువు సంగతి చాలామందికి తెలిసిందే. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకాన్ని క్లౌ గుత్తకు తీసుకుని, కూలీలకు గంజి దొరికేలా చేశాడు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకుండా, ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వెనక్కి పోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో మునిగి లేచారు. గుండ్లకమ్మ పుట్టింది నల్లమలలో, కంభం చెరువు నింపి దిగువకు పారేది ఈ పడమటి పల్లెల మీదుగానే. కొన్నేళ్లకే కంభం వేరే మిషను కేంద్రమైంది, ఆ తర్వాత మార్కాపురం. పెద్దారవీడు చుట్టుపక్కల బాప్టిస్టు సంఘాల వేళ్లు ఆ కాలంలోవే.

ఊరి ద్వేషాన్ని ఓర్చుకున్న ఈ సంఘాలు తమలో తాము ద్వేషం లేకుండా ఉన్నాయా? ఇది అడగక తప్పని ప్రశ్న. ఒంగోలు బాప్టిస్టుల్లో అత్యధికులు మాదిగలు. గిద్దలూరు, కలసపాడు, ముత్యాలపాడు, నంద్యాల వైపు పనిచేసిన ఆంగ్లికన్ ఎస్.పి.జి. మిషనులోనూ, కడప లండన్ మిషనులోనూ ఎక్కువమంది మాలలు. దీన్ని ఎవరూ కుట్రపన్ని చేయలేదు. ఒక కుటుంబం చేరితే దాని చుట్టాలు చేరారు, చుట్టరికం కులం గీత దాటదు. అలా మిషనుల సరిహద్దు పటం చాలాచోట్ల కులాల పటంలా తయారైంది. మాలపేటకూ మాదిగపేటకూ మధ్య తరాల నాటి ఎడం పోకుండానే రెండు వేర్వేరు సంఘాల పేర్లు పెట్టుకుంది.

1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా డోర్నకల్‌లో నియమితుడైన వి.ఎస్. అజరయ్య దీన్ని సూటిగా ఎదుర్కొన్నాడు. 1910లో ఎడింబరో మహాసభలో, మిషనరీలు త్యాగం చేస్తున్నారు గానీ తమకు కావలసింది స్నేహితులని తెల్లవాళ్ల మొహం మీదే చెప్పిన మనిషాయన. మాలలూ మాదిగలూ ఒకే బల్ల దగ్గర రొట్టె విరవాలని పల్లెపల్లెకూ తిరిగి పట్టుబట్టాడు. ఆయన 1945లో కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం పుట్టినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో పెద్ద భాగం కలవకుండా బయటే ఉండిపోయింది. పోరాటం పైకి బిషప్పుల పరంపర గురించి, ఆరాధన క్రమం గురించి. ఊళ్లలో మాత్రం అది అన్నదమ్ముల మధ్య గోడైంది. దేవుడి పేరుతో ఒకరి ముఖం ఒకరు చూడని స్థితికి సిద్ధాంతాల పేరు పెట్టుకోవడం యోహాను పత్రిక చదివే సంఘానికి తగదు.

ఇక్కడికి దూరం కాని వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా కులద్వేషం నిప్పులోనే పెరిగాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. 1941లో గబ్బిలం రాశాడు. క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన కవిత్వంలో కోపం మండుతుంది, కానీ మనిషి మీద ద్వేషం కనపడదు. కీర్తనల శాపాల దగ్గర తడబడేవారు జాషువాను చదవాలి.

ఆ శాపకీర్తనలను ఏం చేయాలన్నది చర్చిలో పాత చిక్కే. జాన్ వెస్లీ 1784లో తయారుచేసిన ఆరాధన పుస్తకంలోంచి చాలా కీర్తనలు తొలగించాడు. 1971లో కేథలిక్కులు రోజువారీ ప్రార్థనల్లోంచి 58, 83, 109 కీర్తనలను పూర్తిగా తీసేశారు. ఇలా తీసేయడం సరికాదని ఈ ప్రాంత చరిత్ర తెలిసినవారికి అనిపిస్తుంది. దెబ్బతిన్నవాడు తన కసిని దేవుడి ముందు కక్కుకోవడం వేరు, కత్తి పట్టడం వేరు. నోరు మూయించిన కోపమే లోపల ద్వేషంగా గడ్డకడుతుంది.

1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపేట మీద భూస్వాముల గుంపు దాడి చేసింది. గొడవకు మూలం తాగునీటి చెరువును మురికి చేయవద్దని అడగడం. ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. బతికినవారు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. వాళ్లలో చాలామంది తరాలుగా క్రైస్తవులు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారి నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది ఆ ఉద్యమంలోంచే. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అక్కడివారు శవాలను ఊరి నడిబొడ్డున పూడ్చి, ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. విచారణ తమ ఊళ్లోనే జరగాలని ఏళ్లతరబడి పోరాడి ప్రత్యేక కోర్టు సాధించారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది.

బాధితులు బదులుకు బదులు ఊరి మీద పడలేదు, కోర్టు అడిగారు. దీన్ని ద్వేషమని పిలవడం అన్యాయం. క్షమించండి, కేసులు ఎందుకని బాధితుడికి చెప్పే పెద్దమనిషి సువార్తను సగమే చదివాడు. ఒడిశాలో 1999 జనవరిలో గ్రాహం స్టెయిన్స్‌నూ ఇద్దరు కొడుకులనూ వాహనంలో సజీవంగా తగలబెట్టినప్పుడు, భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నానంది. చట్టం మాత్రం తన పని చేసింది, ముఖ్య నిందితుడికి శిక్ష పడింది. ఆమె బారిపదలో కుష్ఠు రోగుల సేవ కొనసాగించింది. ఆమె క్షమా, చట్టం వేసిన శిక్షా ఒకదానికొకటి అడ్డం రాలేదు.

నేటికి ఈ లెక్క మరింత చిక్కుపడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులు షెడ్యూల్డ్ కులాల్లోకి రారు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారినవారు అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేరంది. కులం పేరుతో తిట్టేవాడికి ఎదుటివాడు ఏ చర్చికి వెళ్తాడో అక్కర్లేదు, చట్టానికి మాత్రం అక్కర. అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల రిజర్వేషన్ల వర్గీకరణ ఆర్డినెన్సు తెచ్చి రెల్లి వర్గానికి 1, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5 శాతం కేటాయించింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో వర్గీకరణ కోసం మొదలైన మాదిగ దండోరా ఉద్యమానికి ఇది ముప్పై ఏళ్ల తర్వాత వచ్చిన ఫలితం. వాటా కోసం పోరాడటం ద్వేషం కాదు. కానీ ఆ పోరాటంలో రెండు పేటల మధ్య దొర్లిన మాటలు ఆదివారం మందిరం గడప దాటి లోపలికి కూడా వచ్చాయి.

బలిపీఠం దగ్గర కానుక పెట్టేముందు సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని యేసు చెప్పాడు. ఒకే ఊళ్లో రెండు పేటలకు రెండు మందిరాలున్న చోట ఎవరు ముందు కానుక వదిలి అవతలి పేటకు నడుస్తారన్నది ఇంకా తేలలేదు.