ఏవీఎస్

ఏవీఎస్ (1957 జనవరి 2 – 2013 నవంబర్ 8) తెలుగు సినిమా హాస్యనటుడు, దర్శకుడు, పాత్రికేయుడు. పూర్తి పేరు ఆమంచి వెంకట సుబ్రహ్మణ్యం. స్వస్థలం తెనాలి. రామవిలాస సభ నాటకాలతో, రంగస్థల నటుడు స్థానం నరసింహారావు సత్యభామ వేషంతో పేరు మోసిన ఊరది. అక్కడ కుర్రాళ్ళకు రంగస్థలం మీద మోజు కలగడం వింతేమీ కాదు. ఆయనా నాటకాల మీదుగానే వచ్చాడు. విజయవాడలో విలేకరిగా పనిచేశాడు.

సినిమాల్లో నిలబెట్టింది బాపు తీసిన 'మిస్టర్ పెళ్ళాం' (1993). రాజేంద్రప్రసాద్, ఆమని జంటగా నటించిన ఆ చిత్రంలో తృప్తిని 'తుత్తి' అంటూ, నాలుక కాస్త మడతపడ్డట్టు మాట్లాడే పాత్ర ఆయనది. గొంతు పెంచడు, గెంతడు. నింపాదిగా, లోలోపల మురిసిపోతూ అంటాడు. అందుకే ఆ మాట జనం నోట ఊతపదమైంది. నంది పురస్కారమూ దక్కింది. ఎస్.వి.కృష్ణారెడ్డి తీసిన 'శుభలగ్నం', 'యమలీల', 'ఘటోత్కచుడు' ఆయన్ని ఇంటింటికీ చేర్చాయి. ఆ తర్వాత వచ్చిన వేషాల్లో చాలావరకు ఆయన స్థాయికి తగినవి కావు.

'సూపర్ హీరోస్' (1997), 'ఓరి నీ ప్రేమ బంగారం కానూ' (2003), 'రూమ్‌మేట్స్' (2006) చిత్రాలకు దర్శకత్వం వహించాడు. కాలేయ వ్యాధి సోకితే కుమార్తె తన కాలేయంలో కొంత భాగం ఇచ్చింది. కోలుకుని మళ్ళీ నటించాడు. 56వ ఏట హైదరాబాదులో మరణించాడు.