ఉన్నత పాఠశాలల్లో ఎన్.సి.సి.: చేరిక, బాధ్యత, ధ్రువపత్రం

(నేపథ్య వ్యాసం)

ఉన్నత పాఠశాల విద్యార్థి ఎన్.సి.సి.లో చేరినంత మాత్రాన సైన్యంలో చేరినట్లు కాదు. కోర్ సభ్యుడైన కారణంగా ఏ వ్యక్తికీ క్రియాశీల సైనిక సేవ చేయవలసిన బాధ్యత ఉండదని 1948 నాటి నేషనల్ కాడెట్ కోర్ చట్టం స్పష్టం చేసింది. అయినప్పటికీ, పిల్లవానిని యుద్ధానికి పంపుతారేమోనన్న భయంతో సమ్మతి పత్రంపై సంతకానికి వెనుకాడే తల్లిదండ్రులు ఉన్నారు. చేరితే సైన్యంలో ఉద్యోగం ఖాయమని నమ్మి సంతకం చేసేవారూ ఉన్నారు. వార్తా రచనలోనూ, పాఠశాలల ప్రకటనలలోనూ ఈ రెండు అపోహలకు తావివ్వకుండుట అవసరం.

హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన 1946లో ఏర్పడిన కమిటీ సిఫార్సుల మేరకు 1948 జూలై 15న ఎన్.సి.సి. ప్రారంభమైనది. మరుసటి సంవత్సరమే బాలికల విభాగం ఏర్పడినది. 1962 యుద్ధానంతరం, 1963లో కళాశాల విద్యార్థులకు ఈ శిక్షణను నిర్బంధం చేసి, 1968లో తిరిగి ఐచ్ఛికం చేశారు. పెద్దలలో నేటికీ కనిపించే సందేహాలకు ఆ అయిదేళ్ళ జ్ఞాపకం కొంత కారణం కావచ్చును.

దేశంలో రిజర్వు దళం స్వభావం గలది ప్రాదేశిక సైన్యం, అనగా టెరిటోరియల్ ఆర్మీ. పౌర వృత్తిలో కొనసాగుతూ, పిలుపు వచ్చినప్పుడు సైనిక విధులు నిర్వర్తించే ఈ దళంలో ప్రవేశానికి కనీస వయస్సు 18 సంవత్సరాలు. 2022లో ప్రారంభమైన అగ్నిపథ్ పథకం క్రింద కనీస వయస్సు పదిహేడున్నర. కావున ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థికి ఈ రెండు మార్గాలూ లేవు.

పాఠశాల స్థాయిలో బాలురకు జూనియర్ డివిజన్, బాలికలకు జూనియర్ వింగ్ ఉన్నాయి. శిక్షణ రెండేళ్ళు. కవాతు, ఆయుధ పరిచయం, .22 రైఫిల్‌తో కాల్పుల అభ్యాసం, పటపఠనం, ప్రథమ చికిత్స, సమాజ సేవ ఇందులో భాగాలు. నిర్ణీత పీరియడ్లలో 75 శాతం హాజరు, ఒక శిక్షణ శిబిరం పూర్తి చేసిన వారే ‘ఎ’ సర్టిఫికెట్ పరీక్షకు అర్హులు.

ఇక్కడ ప్రధానోపాధ్యాయులు గమనించవలసిన అంశం ఒకటున్నది. ఎనిమిదవ తరగతిలో చేరిన విద్యార్థి తొమ్మిదితో శిక్షణ ముగించుకుంటాడు. తొమ్మిదిలో చేరినవాని రెండవ సంవత్సరం పదవ తరగతి పబ్లిక్ పరీక్షల ఏడాదితో కలుస్తుంది. ప్రత్యేక తరగతుల పేరిట కవాతు మానిపిస్తే హాజరు తగ్గి, మొదటి ఏడాది శ్రమ కూడా ధ్రువపత్రానికి నోచుకోదు. చేర్చుకునే నాడే ఈ విషయం తల్లిదండ్రులకు చెప్పుట మేలు.

‘బి’, ‘సి’ సర్టిఫికెట్లు పై దశకు, అనగా సీనియర్ విభాగానికి చెందినవి. ‘సి’ సర్టిఫికెట్ గల పట్టభద్రులు నిర్ణీత అర్హతలుంటే ఎన్.సి.సి. ప్రత్యేక ప్రవేశం ద్వారా, రాత పరీక్ష లేకుండా, సైనికాధికారుల ఎంపిక మండలి ఇంటర్వ్యూకు హాజరు కావచ్చును. పాఠశాలలో పొందే ‘ఎ’ సర్టిఫికెట్‌కు ఇంతటి విలువ లేదు.

పాఠశాలలో శిక్షణ భారమంతా అసోసియేట్ ఎన్.సి.సి. అధికారిగా పనిచేసే ఉపాధ్యాయునిదే. వీరిలో పురుషులకు నాగపూర్ సమీపంలోని కాంప్టీలోనూ, మహిళలకు గ్వాలియర్‌లోనూ శిక్షణ ఇస్తారు. అట్టి ఉపాధ్యాయుడు బదిలీ అయినచో, మరొకరు శిక్షణ పొంది వచ్చే వరకు దళం కుంటుపడుతుంది. బదిలీల సమయంలో విద్యాశాఖాధికారులు ఈ అంశాన్ని దృష్టిలో ఉంచుకోవలసి ఉన్నది.

ఎన్.సి.సి. వ్యయాన్ని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పంచుకుంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటికీ ఉమ్మడి డైరెక్టరేట్ సికింద్రాబాద్‌లో కలదు. కొత్తగా దళం కోరే పాఠశాలలు తమ ప్రాంత ఎన్.సి.సి. బెటాలియన్‌ను సంప్రదించవచ్చును.