పారశీకంలో అరబ్బీ పదాలు – సాంస్కృతిక అస్తిత్వం

ఇరాన్‌లో ఫార్సీ, అఫ్గానిస్తాన్‌లో దరీ, తజికిస్తాన్‌లో తాజికీ అనే పేర్లతో వ్యవహారంలో ఉన్న పారశీకం ఇండో-యూరోపియన్ కుటుంబంలోని ఇరానీ శాఖకు చెందిన భాష కాగా, అరబ్బీ సెమిటిక్ కుటుంబానికి చెందినది. పుట్టుకలో ఏ చుట్టరికమూ లేని ఈ రెండు భాషలూ పదమూడు శతాబ్దాలకు పైగా ఒకే నేలపై కలిసి మెలగినందువల్ల, లిఖిత పారశీకంలో నిత్యం కనిపించే సుమారు 20,000 పదాలలో 8,000 వరకు అరబ్బీ మూలం కలవని భాషావేత్త జాన్ పెర్రీ అంచనా వేశాడు. అయినా క్రియారూపాలు, సర్వనామాలు, ఒకటి నుంచి పది వరకు అంకెలు, తల్లిదండ్రులను, తోబుట్టువులను తెలిపే మాటలు, వాక్యనిర్మాణం ఇరానీగానే నిలిచాయి. ఈ రెండు వాస్తవాలలో దేనిని ప్రధానంగా చూడాలన్న ప్రశ్న చుట్టూ ఇరానీయుల అస్తిత్వ చర్చ ఒక్కో యుగంలో ఒక్కో రూపం తీసుకుంది.

చివరి సాసానీ చక్రవర్తి మూడవ యజ్దగిర్ద్ 651లో మర్వ్ దగ్గర హతుడు కావడంతో అరబ్బుల విజయం పూర్తయిందే గాని, భాషలో మార్పు ఆ వేగంతో జరగలేదు. ఇరాక్‌లో రెవెన్యూ లెక్కలు మరికొన్ని దశాబ్దాలు మధ్య పారశీకమైన పహ్లవీలోనే నడిచి, ఖలీఫా అబ్దుల్ మలిక్ (685–705) కాలంలో అరబ్బీకి మారాయి. అంతకుముందు కూడా పారశీకం పరభాషా స్పర్శ లేనిది కాదు: పహ్లవీ లిపి అరమాయిక్ నుంచి వచ్చింది, లేఖకులు ఎన్నో మాటలను అరమాయిక్‌లో రాసి, చదివేటప్పుడు పారశీకంగా ఉచ్చరించేవారు. కల్మషం లేని ప్రాచీన భాష ఒకటి ఉండేదని తరువాతి శుద్ధవాదులు చెప్పిన మాటకు ఈ లేఖన సంప్రదాయమే అడ్డు వస్తుంది.

అరబ్బీ లిపిలో రాసే నవ్య పారశీకం సాహిత్య భాషగా తలెత్తింది పశ్చిమాన ఉన్న పాత రాజధానుల దగ్గర కాదు, తూర్పున ఖొరాసాన్, బుఖారా ప్రాంతాలలో. సామానీ రాజుల (819–999) ఆశ్రయంలో రూదకీ కవిత్వం చెప్పాడు. మంత్రి బల్అమీ 963 నుంచి తబరీ చరిత్రను పారశీకంలోకి తెచ్చాడు. ఈ రాజులు ఇస్లాంను వదలకుండానే పారశీకాన్ని నిలబెట్టారన్నది గమనించవలసిన విషయం. 1010 ప్రాంతంలో ముగిసిన ఫిరదౌసీ ‘షాహ్‌నామా’లో అరబ్బీ మాటే లేదని జనంలో బలమైన నమ్మకం ఉన్నప్పటికీ, అందులో 700కు పైగా అరబ్బీ పదాలు ఉన్నాయని మొహమ్మద్ జాఫర్ మొయిన్‌ఫర్ 1970లో ప్రకటించిన పరిశోధన తేల్చింది. దాదాపు 50,000 ద్విపదల కావ్యానికి ఇది తక్కువే. కాని ఫిరదౌసీ ఘనత పదాల వడపోతలో కంటే ఇరాన్ గాథలను సజీవమైన భాషలో నిలపడంలో ఉంది.

ఆ తరువాతి రెండు శతాబ్దాలలో మదరసాలు విస్తరించి, అరబ్బీ చదువే పండితుడికీ రాజోద్యోగికీ అర్హత కావడంతో అరబ్బీ పదాల రాక ఉద్ధృతమయింది. ఇబ్న్ సీనా ఇస్‌ఫహాన్ పాలకుడి కోసం రాసిన ‘దానిష్‌నామా’లో తత్త్వశాస్త్రానికి పారశీక పరిభాషను కల్పించే ప్రయత్నం చేశాడు, అతని సమకాలికుడు బీరూనీ మాత్రం శాస్త్రానికి అరబ్బీయే తగినదని గట్టిగా వాదించాడు. చెలామణీలో బీరూనీ పక్షమే గెలిచింది. పంచతంత్రం నుంచి పహ్లవీకి, దాని నుంచి అరబ్బీకి వెళ్లిన ‘కలీలా వ దిమ్నా’ను 12వ శతాబ్దంలో నస్రుల్లాహ్ మున్షీ తిరిగి పారశీకం చేసినప్పుడు, అరబ్బీ పదాలతో, సూక్తులతో నిండిన ఆ శైలే ఉత్తమ గద్యానికి ఒరవడి అయింది.

ఇలా వచ్చిన మాటలను పారశీకం తన కట్టుబాటులోకి తెచ్చుకుంది. అరబ్బీ నామానికి ‘కర్దన్’ (చేయు), ‘షొదన్’ (అగు) వంటి సొంత క్రియను చేర్చి ‘ఫెక్ర్ కర్దన్’ (ఆలోచించు) లాంటి సమాసక్రియలను వందలకొద్దీ నిర్మించింది. అరబ్బీలో వేర్వేరుగా పలికే నాలుగు అక్షరాలను ఒకే ‘జ’కారంగా (ఆంగ్లంలోని ‘జడ్’ ధ్వనిగా) ఉచ్చరించింది, రాతలో మాత్రం నాలుగింటినీ ఉంచుకుంది. అర్థాలూ మారాయి: అరబ్బీలో మతసమాజాన్ని సూచించిన ‘మిల్లత్’ ఆధునిక ఇరాన్‌లో జాతి అనే అర్థం పొందింది, నేటి అరబ్బీలో ప్రధానంగా సైనిక కుట్రకు వాడే ‘ఇన్‌ఖిలాబ్’ పారశీకంలో విప్లవం. ఇన్ని విధాలుగా మలచుకున్న పదాలను పరాయివని లెక్కించడం భాష చేసిన పనిని చూడకపోవడమే.

అయినా వాటిని పరాయివిగా చూసిన శుద్ధవాదానికి కావలసిన సరంజామాలో కొంత భాగం దక్కన్ నుంచి వెళ్లింది. జొరాస్ట్రియన్ గురువు ఆజర్ కైవాన్ అనుయాయులు భారతదేశంలో ప్రచారం చేసిన ‘దసాతీర్’, అతి ప్రాచీన ఇరానీ ప్రవక్తల వాణిగా చెలామణీ అయిన కల్పిత గ్రంథం. అందులోని భాష కూడా కల్పితమే. గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షాకు అంకితంగా మొహమ్మద్ హుసేన్ తబ్రీజీ 1651–52లో కూర్చిన ‘బుర్హానె ఖాతె’ నిఘంటువు ఆ పదాలను నిజమైనవిగా చేర్చుకుంది. అదే రాజ్యంలో, అంతకు పూర్వపు శతాబ్దంలో పొన్నికంటి తెలగన అచ్చతెనుగు కావ్యమైన ‘యయాతి చరిత్ర’ రచించి అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడన్నది ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. మీర్జా గాలిబ్ 1862లో ఆ నిఘంటువు తప్పులను ఎత్తిచూపాడు గాని, ఇరాన్‌లో దసాతీర్ మాటలు అప్పటికే మన్నన పొందాయి. ఖజార్ రాకుమారుడు జలాలుద్దీన్ మీర్జా ‘నామయె ఖుస్రవాన్’లో అరబ్బీని విడిచి రాజుల చరిత్ర రాసేటప్పుడు వాటినీ వాడుకున్నాడు.

అరబ్బీ పదాలను మార్చే పనికి ఇరాన్ రాజ్యం పూనుకున్నది రెజా షా కాలంలో. 1935లో ఏర్పడిన భాషా అకాడమీ ‘ఫర్‌హంగెస్తాన్’ పురపాలక సంఘాన్ని ‘బలదియ్యె’ నుంచి ‘షహర్‌దారీ’గా, న్యాయశాఖను ‘అద్‌లియ్యె’ నుంచి ‘దాద్‌గొస్తరీ’గా, విమానాన్ని ‘తయ్యారె’ నుంచి ‘హవాపైమా’గా మార్చింది. ఇవి పాలనావసరాలకు పుట్టిన పదాలు కాబట్టి జనం నోట నిలిచాయి. అకాడమీ తొలి అధ్యక్షుడు ఫొరూగీ మితవాది. వాడుకలో పాతుకుపోయిన అరబ్బీ మాటలను పెరికివేయడాన్ని అతడు సమ్మతించలేదు. ‘స్వచ్ఛ భాష’ను ప్రతిపాదించిన అహ్మద్ కస్రవీ తన రచనలను ఆ బాటలో నడపగా, ఆ భాష అతని అనుయాయులను దాటి వెళ్లలేదు.

1979 విప్లవం తరువాత తూకం మారింది. రాజ్యాంగంలోని 15వ అధికరణం పారశీకాన్ని అధికార భాషగా నిలిపింది; 16వ అధికరణం ఖురాన్ భాష అన్న కారణంతో మాధ్యమిక విద్యలో అరబ్బీ బోధనను తప్పనిసరి చేసింది. 1990లో స్థాపించిన కొత్త అకాడమీ ప్రధానంగా పాశ్చాత్య పదాలకు బదులు కల్పించే పని చేపట్టింది. శుద్ధవాదం అప్పటి నుంచి ఎక్కువగా ప్రభుత్వం వెలుపలే, ప్రాచీన ఇరాన్‌పై అభిమానానికి గుర్తుగా సాగుతోంది. అఫ్గాన్ దరీలో మాత్రం ఆసుపత్రికి అరబ్బీ మూలమున్న ‘షఫాఖానా’యే వాడుక; ఇరాన్ అకాడమీ నిలిపిన ‘బీమారెస్తాన్’ పారశీక పదమే అయినా, మధ్యయుగాల బాగ్దాద్, డమాస్కస్ ఆసుపత్రులకు అరబ్బులు పెట్టుకున్న పేరూ అదే.

పారశీకం రాజభాషగా సాగిన ప్రాంతాలకు ఈ అరబ్బీ పదాలు దాని వెంటే వెళ్లాయి. కుతుబ్‌షాహీ, ఆసఫ్‌జాహీ కచేరీల ద్వారా తెలుగులో స్థిరపడిన హాజరు, అర్జీ, మర్జీ, రాజీ, కాజీ అనే మాటల అరబ్బీ మూలాలలో ‘జ’కారం లేదు, మూర్ధన్య ‘డ’ను పోలిన ‘దాద్’ అనే అక్షరం ఉంది. పారశీకులు పలికిన తీరే తెలుగులో ‘జ’గా మిగిలింది.