సలహాదారులు ఎక్కడి నుంచి వచ్చారు?

తెలుగు రాష్ట్రాల్లో కౌన్సెలింగ్ అనగానే ఇంజనీరింగ్ సీట్ల కేటాయింపే ముందుగా స్ఫురించినా, మనోవేదనలోనో జీవనోపాధి ఎంపికలోనో తోచక నిలిచిన మనిషి మాట ఓపికగా విని, తన దారిని తానే నిర్ణయించుకునేలా తోడ్పడటం అనే అర్థంలో అది ఒక ప్రత్యేక వృత్తిగా రూపుదిద్దుకున్నది అమెరికాలో. 1908లో బోస్టన్ నగరంలో వొకేషన్ బ్యూరోను, అంటే ఉపాధి ఎంచుకోవడంలో యువతకు సలహానిచ్చే కేంద్రాన్ని, నెలకొల్పిన ఫ్రాంక్ పార్సన్స్ ఇంజనీరింగ్ చదివి, న్యాయవాదిగానూ అధ్యాపకుడిగానూ పనిచేసినవాడు. ఆయన అదే ఏడాది మరణించగా, కొంతకాలానికి ఆ బాధ్యత స్వీకరించి 1911లో హార్వర్డ్‌లో ఈ విషయాన్ని బోధించిన మైయర్ బ్లూమ్‌ఫీల్డ్, రుమేనియా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పెరిగినవాడు కనుక, సలహా కోసం వచ్చిన వలస కార్మికుల పిల్లల బతుకు ఆయనకు కొత్తది కాదు.

ఆ సామీప్యం నిలవలేదు. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించడంతో కలవరపడిన అమెరికా ప్రభుత్వం, ప్రతిభగల విద్యార్థులను గుర్తించి విజ్ఞానశాస్త్రాల వైపు నడిపేందుకు 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి, పాఠశాల కౌన్సెలర్ల శిక్షణకు నిధులిచ్చింది. అయితే అనేక రాష్ట్రాలు బోధనానుభవం ఉన్నవారినే ఈ పనికి అర్హులుగా పరిగణించినందున, ఉపాధ్యాయ వర్గపు సామాజిక స్వరూపమే కౌన్సెలర్లకూ సంక్రమించింది. తన సంస్కృతి అనే గూటిలోనే బందీ అయి, ఎదుటివారి బతుకును సొంత కొలతలతోనే తూచే కౌన్సెలర్ గురించి కౌన్సెలింగ్ నిపుణుడు గిల్బర్ట్ రెన్ 1962లోనే హెచ్చరించాడు. నల్లజాతి తదితర వర్గాల కౌన్సెలర్లు 1972లో తమ సంఘాన్ని స్థాపించుకోవలసి వచ్చిందంటే, ఆ హెచ్చరిక పదేళ్లయినా తగినంతగా చెవికెక్కలేదనే భావించాలి.

1981లో ఏర్పడిన కేక్రెప్ అనే గుర్తింపు మండలి శిక్షణకు కచ్చితమైన ప్రమాణాలు నిర్దేశించింది. ఆ గుర్తింపు ఉన్న కోర్సుల విద్యార్థులకు, పర్యవేక్షణలో 100 గంటల ప్రాథమిక సాధన, ఆపై 600 గంటల ఇంటర్న్‌షిప్ పూర్తిచేయనిదే పట్టా దక్కదు. వృత్తి నాణ్యతకు ఇది అవసరమే. కాని ఈ విద్యార్థుల్లో అత్యధికులు స్త్రీలు, వారిలోనూ శ్వేతజాతీయులే ఎక్కువ. ఇంటర్న్‌షిప్‌కు చాలాచోట్ల వేతనం ఉండదు. పేద కుటుంబాల నుంచి, వలస కుటుంబాల నుంచి కౌన్సెలర్లు రావాలంటే ఆ గంటలకు వేతనం చెల్లించడమే న్యాయం.