జగన్నాథ విలాసినీ సభ

విజయనగరంలో మహారాజా ఆనంద గజపతి ఆదరణలో నడిచిన నాటక సమాజం. తెలుగు నాటక చరిత్రలో దీని పేరు నిలవడానికి ఒక్క ప్రదర్శన చాలింది: 1892లో గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' తొలిసారి రంగమెక్కింది ఈ సభ చేతుల మీదుగానే. రచయిత ఈ ప్రాంతం వాడే. ఆయన పుట్టిన ఎస్.రాయవరం నేటి అనకాపల్లి జిల్లాలోది.

నాటకం వెనుక సంస్థానం తీయించిన లెక్కలున్నాయి. అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలు, అంటే కన్యకు వెల కట్టి చేసినవి, 1034 అని తేలింది. గురజాడ తొలి కూర్పు పీఠికలో ఈ అంకెను ఉదహరించాడు. నాటకం వాడుక భాషలో సాగింది. గ్రాంథికానికే గౌరవం దక్కుతున్న రోజుల్లో ఇళ్లలో, వీధుల్లో వినిపించే మాటను వేదికెక్కించడం సాహసమే. దానికి రాజాదరణ దక్కడం మరీ అరుదు.

1897లో అచ్చయిన నాటకం మహారాజుకు అంకితమైంది. ఆయన ఆ ఏడాదే మరణించాడు. 1909 నాటి రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. నేడు పాఠకులు చదివేది అదే. పూర్తిగా ఆడాలంటే గంటల తరబడి సాగుతుంది కనుక సమాజాలు దాన్ని కుదించి ప్రదర్శిస్తుంటాయి.