డిస్కు పోయిన కబురు

భూపాలపల్లి కేటీకే బొగ్గు గనుల్లోకి దిగేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు: మీథేన్‌ను పసిగట్టే పరికరం ఉంటే చాలదు, ఆ కబురు సమయానికి మనిషికి అందాలి. సర్వర్ గదిలో డిస్కుల సంగతీ అంతే.

1988లో బర్కిలీ యూనివర్సిటీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పేపర్ రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు ఎందుకు, చౌక డిస్కుల్ని గుంపుగా వాడదామన్నారు; ఆ పద్ధతికే రెయిడ్ అని పేరు. చిక్కల్లా లెక్క దగ్గరే వచ్చింది. ఒక్కో డిస్కు సగటున 30,000 గంటలు నడుస్తుందనుకున్నా, 100 డిస్కులుంటే 300 గంటలకే ఏదో ఒకటి పోతుంది. రెండు వారాలు కూడా నిండవు! అందుకే అదనపు డిస్కులు చేర్చారు, పోయినదాన్ని గంటలో బాగుచేస్తామన్న అంచనా మీద లెక్క మళ్లీ కట్టారు. బాగుచేయాలంటే ముందు పోయిందని తెలియాలి కదా. రెయిడ్ పుట్టిన రోజే అలర్ట్ అవసరమూ పుట్టిందన్నమాట.

లినక్స్‌లో రెయిడ్ నడపడానికి మొదట్లో రెయిడ్‌టూల్స్ వాడేవారు. 2001లో, సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో పనిచేస్తున్న నీల్ బ్రౌన్ దానికి బదులుగా ఎండీఏడీఎం రాశాడు. అందులోని మానిటర్ మామూలుగా 60 సెకన్లకోసారి డిస్కుల్ని చూసి వస్తుంది. ఒకటి పోతే ఈమెయిల్ రాస్తుంది; చాలాకాలం దాని కింద 'ఫెయిత్‌ఫుల్లీ యువర్స్' అని మర్యాద కూడా ఉండేది! డిస్కుల పరిస్థితినీ ఆ ఈమెయిల్లోనే జతచేస్తుంది: జంట డిస్కులు బాగుంటే రెండు 'యూ'లు, ఒకటి పోతే ఆ చోట అండర్‌స్కోర్.

ఇంత చేసినా, డెబియన్‌లో ఏమీ మార్చకపోతే ఆ ఉత్తరం చేరేది రూట్ ఖాతాకు. దాన్ని తెరిచి చూసే పుణ్యాత్ములు తక్కువ. ఈలోగా జంటలోని రెండో డిస్కూ పోతే డేటా మీద ఆశ వదులుకోవడమే.

దీనికి మందు కూడా బ్రౌన్ పెట్టే ఉంచాడు. కాన్ఫిగ్ ఫైల్లో 'ప్రోగ్రామ్' అనే లైను రాసి మన స్క్రిప్టు పేరు ఇస్తే, ఏం జరిగింది, ఏ గుంపులో, ఏ డిస్కుకు అన్నవి దాని చేతికి అందిస్తుంది. అక్కడినుంచి ఎస్ఎంఎస్ పంపుకుంటామా, టెలిగ్రామ్‌లో పెట్టుకుంటామా మన ఇష్టం. నా మాటడిగితే ఇదే మేలు. మెయిల్ కొన్ని ఘటనలకే వస్తుంది, రీబిల్డ్ పూర్తయిందన్న మంచి కబురు అందులో ఉండదు. స్క్రిప్టుకు అన్నీ చేరతాయి.

మీ సర్వర్లో రెయిడ్ ఉంటే మానిటర్‌ను టెస్ట్, వన్‌షాట్ ఆప్షన్లతో ఇవాళే ఒకసారి నడపండి. మీ ఫోన్ మోగకపోతే ఆ స్క్రిప్టు రాసేదాకా లేవకండి.