జాన్సను గారి సిగరెట్టు

హృద్రోగము వచ్చినవానిని పొగ మానుమనగానే మన యిండ్లలో వినవచ్చు మాట యొకటి కలదు: "ఈ వయసులో ఆ కాస్త సుఖమును గూడ తీసివేయవలెనా?" ఈ మాట జాలివలన పుట్టినదే. దీనికి ప్రత్యుత్తరముగా మేము అమెరికా దేశాధ్యక్షు డొకరి చరిత్రము నెత్తుకొనుచున్నాము.

1955 జూలై 2వ తేదీన గుండెపోటు వచ్చునాటికి లిండన్ జాన్సనుకు 46 ఏండ్లు. సెనేటులో డెమోక్రాటిక్ పక్షమునకు నాయకుడు. దినమునకు 60 సిగరెట్లు కాల్చెడివాడు. వైద్యులు మానుమనిరి, మానెను. కోరిక మాత్రము చావలేదు. అయినను ఆ తరువాతి పదమూడేండ్లలోనే ఆయన ఉపాధ్యక్షుడై, అధ్యక్షుడై, 1964లో పౌరహక్కుల శాసనమును, 1965లో వోటుహక్కుల శాసనమును నెగ్గించెను. గుండె దెబ్బతిన్నవాడు మూల కూర్చుండవలసినదే యనువారు ఈ భాగమును మరల చదువుదురు గాక!

ఆయన కాలముననే, 1964 జనవరి 11న, ప్రభుత్వ వైద్యాధిపతి లూథర్ టెర్రీ నివేదిక వెలువడెను. సిగరెట్టు ఊపిరితిత్తుల పుట్టకురుపునకు కారణమని అది నిశ్చయించెను. గుండె విషయమున మాత్రము, కాల్చువారిలో మరణము లెక్కువ యని చెప్పి, కారణనిర్ణయము చేయక నిలిచెను. ఆ సందేహము తరువాత తీరినది. 1965 జూలైలో సిగరెట్టు పెట్టెలపై హెచ్చరిక ముద్రింపవలెనను శాసనమునకు సంతకము చేసినది జాన్సనే.

1969 జనవరిలో పదవి విడిచి టెక్సాసుకు మరలిన వెంటనే ఆయన మరల సిగరెట్టు ముట్టించెను. ఇంటివారు వలదన్నను వినలేదు.

ఆయనను సిగరెట్టే చంపెనని మేమనము. తిండి, స్థూలకాయము, పాత జబ్బు అన్నియు నుండెను. కాని నికోటిను గుండెను వేగముగా కొట్టుకొనజేయును. పొగలోని కార్బను మోనాక్సైడు రక్తమునందు ప్రాణవాయువు చోటు నాక్రమించును. అనగా పని పెంచి కూలి తగ్గించుట. గుండెపోటు తరువాత పొగ మానినవారిలో మరణములు మానని వారికంటె సుమారు మూడవవంతు తక్కువ యని 2003లో అనేక పరిశోధనలను కూర్చి చూచినవారు తేల్చిరి.

1972 ఏప్రిల్‌లో వర్జీనియాలో కుమార్తె యింట నుండగా ఆయనకు మరల గుండెపోటు వచ్చెను. పిమ్మట రొమ్మునొప్పి విడువలేదు. మంచము ప్రక్కను ప్రాణవాయువు సిలిండరు. చేయుచున్న పని నాపి పరుండి, ముఖమునకు తొడుగు తగిలించుకొని ఊపిరి పీల్చుకొనెడివాడు. లేచి మరల సిగరెట్టు. తీసివేయరాదన్న సుఖ మిదియే. 1973 జనవరి 22న, 64వ యేట, తన పొలములోని యింట ఒంటరిగా నున్నపుడు ఆయన గుండె ఆగెను.